నీలికుండ హిల్లె బొమ్మ

బొమ్మ గీసింది నేను, చెక్కింది నేను. కింద సంతకం మాత్రం మా నాన్నది.

హాలండు దేశపు హార్లెమ్ ఊళ్ళో రాగిరేకుల మీద బొమ్మలు చెక్కే లుబ్బెర్ట్ అంటే తెలియనివాళ్ళు లేరు. ఆయన కుడిచెయ్యి నాలుగేళ్ళుగా వణుకుతోందని మాత్రం ఎవరికీ తెలియదు. ఆ నాలుగేళ్ళూ చెక్కింది ఆయన కూతురైన నేను, స్టైన్‌ని. చిత్రకారుల సంఘం లెక్కలో కూతురు సిరా నూరవచ్చు, రేకు తుడవవచ్చు, తండ్రికి బఠాణీ చారు కాచి పెట్టవచ్చు. చెక్కితే మాత్రం అది తండ్రి చెక్కినట్టే లెక్క. నాకిందులో కోపం లేదని చెబితే అబద్ధం. బోలెడంత కోపం ఉంది. కాకపోతే ఈ కథ నా కోపం గురించి కాదు, హిల్లె గురించి.

హిల్లెది స్పార్నె నది ఒడ్డున బీరుకొట్టు. గుమ్మం మీద నీలిరంగు కుండ వేలాడదీసి ఉండేది కాబట్టి ఊరంతా దాన్ని నీలికుండ అనేవారు. మొగుడు పోయి ఆరేళ్ళయినా ఆ కొట్టు ఒంటిచేత్తో నడుపుకొస్తోంది. మనిషి దిట్టం, గొంతు అంతకన్నా దిట్టం. నేను బొమ్మలు గీసుకోవడానికి కిటికీ పక్క బల్ల నాకోసం వదిలేసేది. పెళ్ళికాని పిల్ల బీరుకొట్టులో కూర్చుంటే ఊరి నోరు ఊరుకుంటుందా? ఆ మాటే ఒకసారి అన్నాను.

"కూర్చోవే. నువ్వు నన్ను చూస్తావు, వాళ్ళు నిన్ను చూస్తారు. చూసినంతసేపూ నా బీరు తాగుతారు. నాకేం నష్టం?" అంది.

అచ్చుబొమ్మల్లో బీరుకొట్టు ఎలా ఉంటుందో మీరు చూసే ఉంటారు. ఆడది కాళ్ళు చాపుకుని గ్లాసెత్తి పట్టుకుని ఉంటుంది. మూలన ముసలి తార్పుడుకత్తె పళ్ళికిలిస్తుంటుంది. నేల మీద పొగాకు పీల్చే విరిగిన గొట్టం, గుడ్డుపెంకులు, నాకుతున్న కుక్క. నీలికుండలో నేను చూసింది వేరు. అక్కడ ఆడవాళ్ళు చంకన పిల్లలతో వచ్చి, రొట్టె, ఎండు హెర్రింగ్ చేప తిని, పల్చటి బీరు ఒక కుండ తాగి, మళ్ళీ గుడ్డలు ఎండలో ఆరేసి తెల్లబరిచే పొలాలకి పనికి పోయేవారు. తాగి బల్ల మీద వాలిపోయేది మగవాళ్ళే. అలా వాలిన ప్రతివాడి దగ్గరికీ హిల్లె వెళ్ళి, వాడి జేబులోంచి డబ్బు సంచి తీసి, తన గది అలమరలో పెట్టి తాళం వేసేది. పక్కవాళ్ళు కాజేయకుండా, లేచాక వాడే మళ్ళీ తాగి తగలెయ్యకుండా. వాడి పెళ్ళాం వచ్చినప్పుడు సంచి ఆమె చేతికి ఇచ్చేది. మా వీధి ఆడవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. మగవాళ్ళకీ తెలుసు, కానీ ఏ మగవాడూ పైకి చెప్పుకోడు. ఎలా చెప్పుకుంటాడు?

ఒక మధ్యాహ్నం సరిగ్గా అదే గీశాను. ఒకడు బల్ల మీద తలవాల్చి నిద్రపోతున్నాడు, ముఖాన టోపీ. హిల్లె వంగి వాడి జేబులోంచి సంచి తీస్తోంది. ఆ వంగడంలో ఆమె నడుం, ముంజేతి నరాలు, ముక్కు పక్క పులిపిరి, అన్నీ కుదిరాయి. ఇంటికెళ్ళి రేకు మీద మైనం పూసి, సూదితో గీసి, రాగిని తినేసే ద్రావకంలో ముంచి తీస్తే మా నాన్న దాన్ని వెలుతురుకి పట్టి చాలాసేపు చూశారు.

"నా చెయ్యి బాగున్న రోజుల్లో కూడా ఇంత బాగా రాలేదే," అన్నారు.

ఆ మాటకి నేను పొంగిపోయాను. గోవర్ట్ వచ్చి చూశాడు. గోవర్ట్ అంటే పెద్ద చర్చి పక్కన అచ్చుబొమ్మలు అమ్మే వర్తకుడు. బొమ్మలు మేం చెక్కుతాం, రేకు అతను కొనుక్కుంటాడు, ఇక ఆ రేకు అతని సొత్తు. బొమ్మ కింద పద్యం అతని దుకాణంలోనే వేయించుకుంటాడు.

"అబ్బ! ఏం పట్టావయ్యా లుబ్బెర్ట్!" అని తొడ చరిచాడు. మా నాన్న తల దించుకున్నారు.

వారానికి అచ్చు వచ్చింది. నా బొమ్మ కింద ఈ పద్యం ఉంది.

నవ్వుతూ పోసే చెయ్యి, నమ్మించి దోచే చెయ్యి
తాగినోడా మేలుకో, నీ జేబులో ఉంది ఆ చెయ్యి

ఇది పచ్చి అబద్ధమని చదవగానే నాకు తెలుసు. అయినా నోరు మూసుకున్నాను. డబ్బు ఇచ్చేశాడు, మా నాన్న సంతోషంగా ఉన్నారు, ఊళ్ళో ఇలాంటి పద్యాలు వందున్నాయి, ఎవరు పట్టించుకుంటారులే అనుకున్నాను. అది నా తప్పే. దాన్ని ఎవరి మీదా నెట్టను.

హిల్లెకి చదువు రాదు. ఎవరో ఆమెకి బొమ్మ చూపించి, "నువ్వే కదూ?" అన్నారట. ఆమె మురిసిపోయి ఒక ప్రతి కొనుక్కుంది. కొట్టులో బీరు పీపాల పైన, వచ్చినవాళ్ళందరికీ కనపడేలా, నాలుగు మేకులు కొట్టి తగిలించుకుంది. మూడు రోజులు జనం వచ్చి చూసి నవ్వారు. వాళ్ళు ముచ్చటపడి నవ్వుతున్నారనుకుని ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వింది. నాలుగోరోజు చేపలమ్మే ఆవిడ చూడలేక పద్యం చదివి వినిపించింది.

ఆ పూటే హిల్లె మా ఇంటికి వచ్చింది. చేతిలో ఆ కాగితం, నాలుగు మూలలా మేకుల చిరుగులు.

"ఇది నేనే కదే?" అంది.

"నువ్వే పిన్నీ."

"చెక్కింది నువ్వే కదే? మీ నాన్న చెయ్యి సంగతి నాకు తెలుసు. నా దగ్గర కుండ ఎత్తలేక రెండు చేతులతో పట్టుకుంటాడు."

"నేనే. కానీ పద్యం నాది కాదు పిన్నీ, ఒట్టు..."

"పద్యం ఎవడిదైతే నాకెందుకు? ముఖం నాది! మూడు రోజులు నా కొట్టులో నన్నే దొంగ అని రాసి పెట్టుకుని నేనే ఇకిలించానే! రండి చూడండి అని పిలిచి మరీ చూపించానే!"

ఆమె ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. బల్ల మీద కాగితం పెట్టి అరచేత్తో సాపు చేస్తూ అసలు సంగతి చెప్పింది. వీధిపెద్ద క్రైన్ కబురు పెట్టాడు. మా వీధికి ఒక సంఘం ఉంది. ఇరుగుపొరుగు తగాదాలు తీర్చడం, చావుకి శవం మోయడం, ఏడాదికోసారి అందరికీ విందు పెట్టడం దాని పనులు. రొట్టెల భట్టీ నడిపే క్రైన్ దానికి పెద్ద. విధవరాలు మొగుడి కొట్టు నడుపుకోవాలంటే మంచిపేరు ఉండాలనేది ఇక్కడి కట్టుబాటు. పేరు పోయింది కాబట్టి, వచ్చే సోమవారం సంఘం కూర్చుని నీలికుండ మీద ఒక మగవాణ్ణి పెత్తందారుగా పెడుతుందట. ఆ మగవాడు ఎవరో కాదు, క్రైన్ తమ్ముడే.

"నేనేం దొంగతనం చేశానని అడిగితే ఏమన్నాడో తెలుసా? నిప్పు లేందే పొగ రాదమ్మా అన్నాడు. పొయ్యి పెట్టుకున్న మహానుభావుడు కదా, నిప్పుల సంగతి బాగా తెలుసు!" అని హిల్లె లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "ఆరేళ్ళు ఒక్కదాన్నీ పీపాలు దొర్లించానే స్టైన్. రేపట్నుంచి నా కొట్టులో నేనే కూలిదాన్ని," అంది.

నేను నేరుగా గోవర్ట్ దగ్గరికి పోయాను. పద్యం తీసెయ్యమన్నాను. బొమ్మలో ఉన్నది దొంగతనం కాదు, దాచిపెట్టడం అని చెప్పాను. అతను విని మర్యాదగానే నవ్వాడు.

"అమ్మాయ్, ఆడది సంచి కొట్టేస్తుంటే జనం కొంటారు. ఆడది సంచి జాగ్రత్త చేస్తుంటే ఎవడు కొంటాడు? అయినా నీతో నాకేం మాటలు? మీ నాన్నని రమ్మను." తర్వాత, పోయేదాన్ని వెనక్కి పిలిచాడు. "ఎలాగూ వచ్చావు కదా, ఈ రేకు తీసుకెళ్ళు. తెగ అమ్ముడుపోయి గీతలు అరిగిపోయాయి. శనివారం సంతకి ఇంకో రెండు వందలు తియ్యాలి. గురువారానికల్లా లోతు చేసి పంపమను మీ నాన్నని."

అంటూ రేకుని గుడ్డలో చుట్టి తన చేత్తోనే నా చేతిలో పెట్టాడు. అరిగిన రేకు చెక్కినవాడి దగ్గరికే మరమ్మతుకి రావాలి, మా పనిలో అది మామూలే. మరమ్మతుకి పోయివచ్చిన రేకుని ఎవరూ చూడరు. ఒకసారి చూసిన బొమ్మే కదా అని నేరుగా సిరా పూసి యంత్రం కిందికి తోసేస్తారు.

ఇంటికి వచ్చేదాకా నాకు ఏ ఆలోచనా లేదు. కిటికీ దగ్గర రేకు పెట్టి చూస్తుంటే, నిద్రపోతున్నవాడి ముఖం మీది టోపీ దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. ఆ టోపీ నేను పెట్టింది. ఆ మధ్యాహ్నం ఆ మనిషి ముఖాన టోపీ గీపీ ఏమీ లేదు. నోరు తెరిచి, చొంగ కారుస్తూ, గురక పెడుతూ పడుకున్నాడు. పరువుగల మనిషి, పెళ్ళాం పిల్లలున్నవాడు, ఎందుకులే అని నేనే మర్యాదకి ముఖం కప్పేశాను. ఆ మనిషి క్రైన్.

నా మీద నాకే పట్టరాని కోపం వచ్చింది. మగవాడి ముఖం కప్పాలని నాకు ఎవరూ చెప్పకుండానే తోచింది. హిల్లె ముఖం మాత్రం పులిపిరితో సహా ఉన్నదున్నట్టు ఊరికి అమ్మేశాను. గోవర్ట్ పద్యం రాయించక ముందే నేను సగం పద్యం రాసేశాను.

గీకే కత్తి తీసుకున్నాను. రాగి మీద గీసింది చెరపాలంటే ముందు గీకాలి, తర్వాత వెనకనుంచి సుత్తితో మెల్లగా కొట్టి పల్లాన్ని పైకి తేవాలి, ఆపైన ఉక్కుకడ్డీతో నూనె వేసి రుద్ది నునుపు చేయాలి. రెండు రోజుల పని. టోపీ పోయింది. దాని కింద క్రైన్ ముక్కు, బుగ్గ మీది కాలిన మచ్చ, తెరిచిన నోరు వచ్చాయి. ఖాళీగా ఉన్న గుమ్మంలో ఆయన భార్య ఫెమ్మెని నిలబెట్టాను. చంకన బిడ్డ, చాచిన చెయ్యి. ఆ రోజు ఆమె వచ్చి నిలబడింది అక్కడే. పద్యం మొత్తం గీకేసి, అద్దంలో చూసుకుంటూ తిరగేసిన అక్షరాలతో నా పద్యం చెక్కాను.

మొగుడు నిద్రపోయాడు, సంచి నిద్రపోలేదు
హిల్లె తీసి దాచింది, ఆలి చేతికిచ్చింది

మా నాన్న వెనకనుంచి వచ్చి చూశారు.

"ఏం చేస్తున్నావే తల్లీ?"

"మరమ్మతు నాన్నా."

"ఇది మరమ్మతా? గోవర్ట్ మన దగ్గర ఇక రేకు కొంటాడా? వీధిపెద్ద ముఖం కింద నా పేరుందే!"

"అందుకే మీ పేరు కూడా తీసేస్తున్నా," అని ఆయన చూస్తుండగానే లుబ్బెర్ట్ అన్న అక్షరాల మీద కత్తి పెట్టాను.

ఆయన నా చెయ్యి పట్టుకోబోయారు. ఆ చెయ్యి వణికి రేకు అంచుకి తగిలింది. అది చూసుకుని ఆయనే వెనక్కి తీసుకున్నారు. కుర్చీలో కూర్చుని, "రాసేదేదో పూర్తిగా రాయి. ఉత్త స్టైన్ అంటే ఊళ్ళో పదిమంది ఉన్నారు," అన్నారు. "స్టైన్, లుబ్బెర్ట్ కూతురు, చెక్కినది" అని రాశాను. నా పేరు తిరగేసి చెక్కడం నాకదే మొదటిసారి. రెండు అక్షరాలు వంకర పోయాయి. అలాగే ఉంచేశాను.

గురువారం పంపాను. అనుకున్నట్టే ఎవరూ చూడలేదు. శనివారం సంతలో రెండు వందలూ మధ్యాహ్నానికల్లా అయిపోయాయి. గోవర్ట్ తన సొంత దుకాణంలో ఏం అమ్ముతున్నాడో అన్నీ అమ్ముడుపోయాక తెలుసుకున్నాడట. ఈ ఊళ్ళో నా దగ్గర ఇంకెవరూ రేకు కొనకుండా చేస్తానని మా గుమ్మంలో నిలబడి అరిచి పోయాడు. చేశాడు కూడా, ఏడాదిన్నర పాటు.

సోమవారం వీధి సంఘం కూర్చుంది. కూర్చున్నది ఎక్కడనుకున్నారు? నీలికుండలోనే. మా వీధిలో అంతమంది పట్టే గది ఇంకోటి లేదు మరి. హిల్లె కొట్టు లాక్కోవడానికి హిల్లె బల్లల మీదే కూర్చున్నారు. మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు వెనక గోడకి ఆనుకుని. సంఘంలో ఆడవాళ్ళకి నిలబడే హక్కు ఉంది గానీ మాట్లాడే ఆనవాయితీ లేదు.

క్రైన్ గొంతు సవరించుకున్నాడు. పక్కన రాయసగాడు కలం ముంచి సిద్ధంగా ఉన్నాడు. పాపం, క్రైన్‌కి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. రొట్టె కొనడానికి వచ్చినవాళ్ళందరూ ఆయన ముఖం చూసి నోరు నొక్కుకుని పోయారు.

"అందరికీ తెలిసిన విషయమే. ఊళ్ళో ఒక అచ్చుబొమ్మ తిరుగుతోంది. మన వీధి పరువు..." అని మొదలుపెట్టాడు.

"ఏ బొమ్మండీ క్రైన్ గారూ?" అని హిల్లె అడిగింది. "ఇదేనా?"

శనివారం సంతలో కొన్న బొమ్మ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన చూశాడు. ముందు అర్థం కాలేదు. తర్వాత చెయ్యి బుగ్గ మీది కాలిన మచ్చ దగ్గరికి దానంతటదే వెళ్ళింది. ఎవడో కిసుక్కుమన్నాడు. దాంతో గదంతా కట్ట తెగినట్టు నవ్వింది.

"ఇదేంటిది! ఇది నేను! ఎవడు చెక్కాడు దీన్ని? లుబ్బెర్ట్ ఏడీ?"

"కింద పేరుంది, చదవండి," అన్నాను వెనకనుంచి.

"ఆడపిల్లవి నువ్వు మాట్లాడకు!"

"మాట్లాడకుండానే చెక్కాను కదండీ. ఉన్నదే చెక్కాను. అక్టోబరులో, బుధవారం నాడు, అదిగో ఆ బల్ల మీద."

"అబద్ధం! ఉత్త కల్పన! ఒక బొమ్మని పట్టుకుని మనిషి పరువు తీస్తారా?"

హిల్లె నడుం మీద చేతులు పెట్టుకుంది. "నిప్పు లేందే పొగ రాదని మీరే అన్నారుగా."

మళ్ళీ నవ్వులు. క్రైన్ బల్ల గుద్దాడు. అప్పుడు గోడ దగ్గరనుంచి ఫెమ్మె ముందుకి వచ్చింది. క్రైన్ భార్య. ఐదుగురు పిల్లల తల్లి. భట్టీ వేడికి ముఖం ఎప్పుడూ ఎర్రగా ఉండే మనిషి. ఆమె గొంతు మాలో సగంమంది వినడం అదే మొదటిసారి.

"ఆ సంచి నాకే ఇచ్చిందండీ," అంది. మొగుడితో కాదు, సంఘంతో. "ఆ ఒక్కసారే కాదు. పోయిన చలికాలం మూడుసార్లు. అది లేకపోతే మాకు పిండి కొనే దారి లేదు. హిల్లె దొంగైతే దొంగసొత్తు పుచ్చుకున్నది నేను. నన్ను కూడా రాసుకోండి."

"నన్నూ రాసుకోండి," అంది చేపలమ్మే ఆవిడ.

"నన్ను రెండుసార్లు రాయాలి," అంది ఇంకొకావిడ. "ఒకసారి మొగుడికి, ఒకసారి కొడుక్కి."

ఒక్కొక్కరే గోడ వదిలి ముందుకి వచ్చారు. ముందు కూర్చున్న మగవాళ్ళు కొందరు కాళ్ళ మధ్య నేల చూసుకోవడం మొదలుపెట్టారు. రాయసగాడు కలం ఎత్తి పట్టుకుని క్రైన్ వైపు, ఆడవాళ్ళ వైపు మార్చి మార్చి చూశాడు. ఆ కలం కొసనుంచి సిరా కాగితం మీద బొట్టు పడింది.

క్రైన్ తెలివితక్కువవాడేం కాదు. గొంతు మార్చాడు.

"సరేనమ్మా, సరే. దొంగతనం మాట వదిలేద్దాం. హిల్లె మంచిదే, ఎవరు కాదన్నారు? కొట్టు ఆమెదే. కాకపోతే ఒంటరి ఆడది, తాగుబోతుల మధ్య. ఆమె మంచికే చెబుతున్నా. పైన ఒక మగమనిషి ఉంటే ఆమెకీ అండ. మా తమ్ముడు ఊరికే వచ్చి చూసి పోతుంటాడు. అలా రాసేద్దాం."

కొందరు మగవాళ్ళు హమ్మయ్య అన్నట్టు తలలూపారు. రాయసగాడు వంగాడు. మధ్యేమార్గం అంటే అందరికీ ఇష్టమే, నష్టపోయేది తాము కానప్పుడు. ఇంత చేసీ చివరికి ఇదేనా అనిపించి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

హిల్లె మాత్రం తొందరపడలేదు. బల్ల మీదికి వంగి, క్రైన్ ముఖంలోకి చూసింది.

"క్రైన్ గారూ, మీరు ఈ బల్ల మీద పడి నిద్రపోతున్నప్పుడు మీ సంచికి పైన ఎవరున్నారు?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఫెమ్మె క్రైన్ వైపే చూస్తోంది. గదిలో ఉన్న ఆడవాళ్ళందరూ తమ తమ మొగుళ్ళ వైపు చూస్తున్నారు.

"ఏం రాయమంటారండీ?" అని రాయసగాడు మెల్లగా అడిగాడు.

క్రైన్ బొమ్మని బోర్లా తిప్పి పెట్టాడు.

"నేను చెబుతా రాయి," అంది హిల్లె. "నీలికుండ, హిల్లెది. పైన ఎవరూ లేరు."

రాయసగాడు క్రైన్ కోసం ఇంకొంచెం ఆగి చూశాడు. తర్వాత రాశాడు.